ఏటిపాల కాసులపేరు

ఆ బుధవారం నాగభూషణం పెట్టుకున్న పనులు మూడే. పదింటికి ఆఫీసుకు వెళ్ళడం, పన్నెండింటికల్లా తపాలా తేల్చెయ్యడం, మధ్యాహ్నం రైలుకి బందరు వెళ్ళి కొత్త చెప్పులు కొనుక్కోవడం. గుడివాడలో చెప్పుల దుకాణాలు లేక కాదు. బందరులో తోడల్లుడి ఇంట్లో ఒక పూట భోంచేసి, ఆయన పిల్లలను ఇంగ్లీషు వ్యాకరణంలో నాలుగు ప్రశ్నలడిగి, వాళ్ళు నీళ్ళు నములుతుంటే చూసి రావడం ఆయనకు మూడు నెలలకోసారి ఉండే సరదా.

గుడివాడకు ఏడెనిమిది మైళ్ళ దూరంలోని ఒక పంచాయతీ సమితి ఆఫీసులో ఆయన హెడ్ గుమాస్తా. అది 1963 ఫిబ్రవరి. పైనుంచి వచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. చుట్టుపక్కల ఏ సర్పంచికి అలాంటి కాగితం వచ్చినా నాగభూషణం దగ్గరికే తెచ్చేవాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని, ఒక్కసారి చదివి అర్థం చెప్పేవాడు. రెండోసారి చదివితే తన పరువు తగ్గుతుందని ఆయన అభిప్రాయం.

ఆ రోజు తపాలాలో బందరు నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. మీద అర్జంటని ఎర్ర సిరాతో రాసి ఉంది. 'నేచురల్ విల్లో'తో 'డెకొరేటివ్ ఆర్నమెంట్స్' అల్లడంలో మహిళా మండలుల సభ్యులకు బందరులో మూడు రోజులు శిక్షణ ఇస్తారట. కాశ్మీరులో ఈ పని నేర్చుకున్న ఒక నిపుణురాలు వస్తున్నారట. మూడో రోజు ప్రదర్శన పెట్టి, అల్లినవాటిని అమ్మి, ఆ సొమ్ము రక్షణ నిధికి పంపుతారట. శిక్షణకు పంపవలసినవాళ్ళను సోమవారం సమితి ఆఫీసులో ఎంపిక చెయ్యాలట. బీడీఓ సుబ్రహ్మణ్యం గారు హైదరాబాదులో మీటింగుకి వెళ్ళారు. సోమవారం దాకా రారు. రైలుకి ఇంకా గంటన్నర ఉంది.

నాగభూషణానికి విల్లో అన్న మాట తెలియదు. ఆఫీసులో ఒక నిఘంటువు ఉందిగాని, చివరి అక్షరాల పేజీలు చెదపురుగులు తినేశాయి. అదే సమయానికి గ్రామసేవిక సరోజిని టూరు డైరీ మీద సంతకం కోసం వచ్చింది. ఆమె ఉద్యోగంలో చేరి ఏడాదిన్నరైంది.

"ఏమ్మా, విల్లో అంటే తెలుసా నీకు?" అన్నాడు ఆయన, పరీక్ష పెడుతున్నట్టు.

"ఏటిపాల జాతి చెట్టండి. మన కాలవగట్ల మీద ఉంటుంది కదండీ, లేత కొమ్మలు ఎటు వంచితే అటు వంగుతాయి. ట్రైనింగులో చెప్పారు."

"నాకు తెలుసు. నీకు తెలుసో లేదోనని అడిగాను."

సరోజిని బల్ల మీది కాగితాన్ని చూసింది. "ఇందులో ఆర్నమెంట్సంటే నగలు కాదేమోనండి. ఇంటి అలంకారానికి గోడకో గుమ్మానికో తగిలించుకునేవి. చుక్కలు, గంటలు, అలాంటివి."

నాగభూషణం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గదిలో ఆ వేళకి ఇద్దరు సర్పంచులు, జవాను ఉన్నారు.

"చూడమ్మా, బ్యాంకువాళ్ళు ఆర్నమెంట్ల మీద అప్పిస్తారు. నువ్వు గుమ్మానికి కట్టిన తోరణం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టు, ఏమిస్తారో చూద్దాం."

సర్పంచులు నవ్వారు. జవాను కూడా నవ్వాడు. సరోజిని డైరీ తీసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయింది.

నాగభూషణం కలం తీసుకుని ఇలా తెలుగు చేశాడు: "మహిళా మండలుల సభ్యురాండ్రు ఏటిపాల బెత్తములతో, అలంకారార్థమై ధరించు ఆభరణములు అల్లుట నేర్చుకొనవలెను. ఆభరణములను విక్రయించగా వచ్చిన సొమ్ము రక్షణ నిధికి పంపబడును. ఎల్లరును సోమవారము సమితి కార్యాలయమునకు రావలెను." 'ధరించు' అన్న మాట ఇంగ్లీషులో లేదు. వాక్యం నిండుగా ఉంటుందని ఆయనే చేర్చాడు. శిక్షణ ఎవరిస్తారో, బందరు ఎందుకు వెళ్ళాలో రాస్తే కాగితం రెండో పేజీకి పోతుందని వదిలేశాడు. పన్నెండు ఊళ్ళకు పన్నెండు ప్రతులు రాయించి, బీడీఓ గారి తరఫున సంతకం పెట్టి, రైలు అందుకున్నాడు. చెప్పులు బాగా కుదిరాయి.

అవి బంగారం పేరెత్తితే జనం ఉలిక్కిపడుతున్న రోజులు. మూణ్ణెల్ల కిందట చైనాతో యుద్ధమప్పుడు ఆడవాళ్ళు గాజులూ గొలుసులూ తీసి రక్షణ నిధికి ఇచ్చారు. జనవరిలో బంగారం మీద కొత్త నిబంధనలు వచ్చాయి. పద్నాలుగు క్యారెట్లకు మించిన నగ ఏ కంసాలీ చెయ్యకూడదు. ఊళ్ళలో కంసాలుల కుంపట్లు చల్లారిపోయాయి. అలాంటప్పుడు 'ఆభరణములను విక్రయించగా' అని కాగితం వచ్చింది. ఎవరి ఆభరణాలో అందులో లేదు.

నడిమిపాలెంలో దండోరా వేసే సత్తయ్య ఆ కాగితాన్ని ఒకరి చేత చదివించుకుని, తనకు అర్థమైనంత మేరకు కుదించి, గురువారం సాయంత్రం వీధి వీధికీ చెప్పాడు.

"సోమవారం నాడు ఆడవాళ్ళందరూ సమితి ఆఫీసుకి రావాలహో. నగలు అమ్మేసి నిధికి పంపుతారహో. మెళ్ళోకి ఏటిపాల కర్రతో అల్లుకోవాలహో."

ఆ ఊరి మహిళా మండలి అధ్యక్షురాలు లక్ష్మీకాంతమ్మ శుక్రవారం పొద్దున్నే సరోజినిని పిలిపించింది. నలభై ఎకరాల ఆసామి భార్య. మాట నిదానంగా ఉంటుందిగాని వినేవాళ్ళకు నిదానం ఉండదు.

"అమ్మాయ్, నవంబర్లో నువ్వొచ్చి అడిగితే రెండు జతల గాజులు తీసిచ్చానా లేదా?"

"ఇచ్చారండి."

"మరి మిగతావి కావాలంటే ఇంటికొచ్చి అడగొచ్చుగా. దండోరా దేనికి? సరే, అది పోనీ. ఒక్క సంగతి చెప్పు. పుస్తెలు కూడా కర్రతోనే అల్లుకోవాలా?"

సరోజినికి అసలు సంగతి తెలుసు. కాని కాగితం మీద ఉన్నది హెడ్ గుమాస్తా సంతకం. ఊరి ముందు ఆయనది తప్పని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"కాగితంలో ఏదో పొరపాటు ఉండొచ్చండి. సోమవారం బీడీఓ గారు వస్తారు. కనుక్కుని చెప్తాను."

"సోమవారం దాకా ఆగితే ఇంకేముంది?" అంది లక్ష్మీకాంతమ్మ, మెళ్ళో గొలుసు మీద చెయ్యి వేసుకుని.

శనివారం సాయంత్రానికి నడిమిపాలెంలో బంగారం కనిపించకుండా పోయింది. కొందరిది ధాన్యపు గాదెల్లోకి, కొందరిది ఆవకాయ జాడీల అడుక్కి, ఒకావిడది గేదెల కుడితి తొట్టి కిందికి చేరింది. లక్ష్మీకాంతమ్మ తన నగలన్నీ మూటకట్టి గాదెలో మోచెయ్యి లోతుకి దించి, పసుపుతాడుతో మిగిలింది. ఆడవాళ్ళంతా చేతులకు మట్టి గాజులు వేసుకున్నారు. ఈ సంగతి బయటివాళ్ళతో అనకూడదని అందరూ అనుకున్నారు.

ఆదివారం బంటుమిల్లి నుంచి పెళ్ళిచూపులకు వచ్చారు. పెళ్ళికూతురు లక్ష్మీకాంతమ్మ చెల్లెలి కూతురు అన్నపూర్ణ. పెళ్ళికొడుకు తండ్రి వెంకటరత్నం గారు రిటైరైన స్కూలు మాస్టారు, పద్ధతి గల మనిషి. ఆయన ఊళ్ళోకి అడుగుపెట్టినప్పటి నుంచి అరుగుల మీద ఆడవాళ్ళను చూస్తూనే వచ్చాడు. ఒక్క మెడలోనూ మెరుపు లేదు. లోపలికొచ్చి కూర్చుంటే పలహారాలు తెచ్చినవాళ్ళ చేతుల మీద మట్టి గాజులు. అన్నపూర్ణ వచ్చి కూర్చుంది. ఆ పిల్ల చెవులకు కమ్మలు కూడా లేవు.

"ఊళ్ళో ఏమైనా జరగరానిది జరిగిందా అమ్మా?" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

"అలాంటిదేం లేదండి," అంది లక్ష్మీకాంతమ్మ. "ఊరికే తీసేశాం."

"అందరూనా?"

"అందరమూనండి."

వెంకటరత్నం గారు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన భార్య అప్పటికే లేచి నిలబడింది. వాళ్ళు బస్సెక్కి బంటుమిల్లి చేరేలోపు, నడిమిపాలెం మొత్తం దివాలా తీసి నగలన్నీ తాకట్టు పెట్టిందని బస్సులోవాళ్ళు తేల్చేశారు.

సోమవారం నాగభూషణం కొత్త చెప్పులతో ఆఫీసుకు వచ్చేసరికి బీడీఓ గారి బల్ల మీద ఇంగ్లీషు సర్క్యులరు, తెలుగు ప్రతి పక్కపక్కన ఉన్నాయి. సుబ్రహ్మణ్యం గారికి ముప్పయ్యేళ్ళుంటాయి. ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు. ఆ పూట అది నాగభూషణానికి మరీ కష్టంగా తోచింది.

"నాగభూషణం గారూ, ఈ 'ధరించు' అన్న మాట ఇంగ్లీషులో ఎక్కడుందండి?"

నాగభూషణం కాగితం చేతిలోకి తీసుకున్నాడు. రెండోసారి చదివాడు. మూడోసారి కూడా చదివాడు.

"కనిపించట్లేదండి."

"ఇవి ఇంటికి తగిలించుకునే అలంకారాలండి. చుక్కలు, గంటలు, అలాంటివి. హైదరాబాదులో నేను చూసొచ్చాను."

అవే మాటలు. అదే వరస. నాగభూషణం తలెత్తాడు. సరోజిని టూరు డైరీ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. ఆయన ఆమె ముఖం చూడలేక తన చెప్పుల వంక చూసుకున్నాడు.

అంతలో బయట ఎడ్లబళ్ళ చప్పుడైంది. మిగతా ఊళ్ళకన్నా ముందుగా, నాలుగు బళ్ళలో నడిమిపాలెం ఆడవాళ్ళు ముప్పయి మంది దిగారు. ముందు లక్ష్మీకాంతమ్మ ఉంది. సుబ్రహ్మణ్యం గారు సరోజినితో సహా ఆఫీసువాళ్ళతో వరండాలోకి వచ్చి, "కాగితం రాసినవారే చెప్తారమ్మా," అని పక్కకు జరిగాడు.

నాగభూషణం గొంతు సవరించుకున్నాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎన్నోసార్లు ఆ వరండాలో నిలబడి మాట్లాడాడు. మాటలకు ఎప్పుడూ తడుముకోలేదు.

"ఇది చిన్న పొరపాటమ్మా. మీ బంగారం ఎవరూ అడగలేదు. పల్లెటూళ్ళకు పంపే ప్రతులు రాసేటప్పుడు..." అని ఆగాడు.

లక్ష్మీకాంతమ్మ సరోజిని వైపు తిరిగింది. "అయితే ఇది నీ నిర్వాకమా అమ్మాయ్? ఆ రోజు పొరపాటు ఉండొచ్చు అన్నప్పుడే అనుకున్నాను."

ముప్పయి మందీ సరోజినిని చూశారు. సరోజిని నాగభూషణాన్ని చూసింది. ఆయన మాట్లాడలేదు. ఒక క్షణం గడిచింది. ఇంకో క్షణం కూడా గడిచింది. ఆమె అలాగే నిలబడి ఉంది. తర్వాత చాలా ఏళ్ళపాటు, భోజనం చేస్తూనో రైలు కోసం చూస్తూనో ఉన్నప్పుడు, ఆ రెండు క్షణాలు ఆయనకు ఉన్నట్టుండి గుర్తొచ్చి చెవులు వేడెక్కేవి.

"ఆ అమ్మాయి కాదమ్మా," అన్నాడు చివరికి. "తను సరిగ్గానే చెప్పింది. నేనే వినలేదు. నలుగురిలో నవ్వులపాలు చేసి పంపాను. రాసింది నేనే."

తిడతారని ఆయన సిద్ధపడి ఉన్నాడు. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేవాడు.

అప్పుడు కాలవగట్టు మీదుగా ఒక మనిషి వచ్చాడు. నడిమిపాలెం కంసాలి వెంకటాద్రి. బళ్ళలో చోటు లేక వెనకాల నడిచి వచ్చాడు. అక్కడ జరిగిన మాటలేవీ అతను వినలేదు. "హెడ్ గుమాస్తా గారు ఎవరండీ?" అని అడిగి, చూపించగానే వచ్చి నాగభూషణం కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"కుంపటి రాజేసి నెలా పదిహేను రోజులైందండి. ఈ చేతులకి వేరే పని రాదండి. ఏం చేసి బతకాలా అనుకుంటుంటే తమరి కాగితం వచ్చింది. మమ్మల్ని గురించి ఆలోచించేవాళ్ళు ఒకరున్నారు చూశావా అని మా ఆవిడతో అన్నానండి."

మూట విప్పాడు. నాలుగు రోజులు అతను ఏటిపాల లేత కొమ్మలు కోసి, తోలు తీసి, నీళ్ళలో నానబెట్టి, బంగారపు తీగ చీల్చినంత సన్నగా చీల్చాడు. వాటితో కాసులపేరు అల్లాడు. ఒక్కొక్క కాసు చుట్టూ జడలాంటి అంచు ఉంది. జుంకాలున్నాయి. ఊపితే లోపల చిన్న కర్రగింజ కదిలి చప్పుడు చేస్తోంది. వడ్డాణం మధ్యలో రెండు హంసలు ముక్కులు ఆనించుకుని ఉన్నాయి. మీద రంగు లేదు, పూత లేదు. తోలు తీసిన కర్ర తెలుపే.

"కొలతలు కాగితంలో లేవండి. అందుకని అందాజుగా చేశాను. ఇవి సరిపోతాయంటారా?" అన్నాడు వెంకటాద్రి.

నాగభూషణం నోరు తెరిచాడు. ముప్పయి మంది ముందు ఒకసారి చెప్పిన నిజాన్ని ఈ ఒక్క మనిషికి చెప్పలేకపోయాడు. కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు. ఆడవాళ్ళు కూడా ముఖాలు చూసుకున్నారేగాని, ఎవరూ పెదవి కదపలేదు.

లక్ష్మీకాంతమ్మే ముందుకొచ్చి కాసులపేరు అందుకుంది. పసుపుతాడు మీద వేసుకుంది.

"కొక్కెం కూడా కర్రేనా వెంకటాద్రీ?"

"కర్రేనండి. ఇనప తీగ పెడితే తుప్పు పట్టుద్దండి."

"బరువే లేదు," అంది ఆమె. తర్వాత నాగభూషణం వైపు తిరిగి, "ఇతని సంగతి బాగానే ఉంది. మా అన్నపూర్ణ సంబంధం సంగతి ఏం చేస్తారు?" అని అడిగింది.

మర్నాడు నాగభూషణం బంటుమిల్లి బస్సెక్కాడు. వెంకటరత్నం గారు అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, మొత్తం విన్నాడు. విని లోపలికి చూసి భార్యను పిలిచాడు.

"ఇలా రా. ఈయన చెప్పేది నువ్వూ వినాలి. మొదట్నించీ చెప్పండి."

నాగభూషణం మొదటినుంచీ చెప్పాడు. అంతలో వెంకటరత్నం గారి తమ్ముడు పొలం నుంచి వచ్చాడు. "మా వాడు ఇప్పుడే వచ్చాడండి. ఆ ఆర్నమెంటు దగ్గర్నించి చెప్తే చాలు," అన్నాడు పెద్దాయన. మూడోసారి చెబుతుంటే పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. నాలుగోసారి పెళ్ళికొడుకు కోసం చెప్పాడు. తోరణం తీసుకెళ్ళి బ్యాంకులో పెట్టమన్న మాట వదిలేద్దామనుకున్నాడుగాని, మొదటిసారి చెప్పినప్పుడు విన్న పెద్దాయన దాన్ని గుర్తుచేశాడు.

అంతా అయ్యాక వెంకటరత్నం గారు తల పంకించాడు. "ఇంత సిగ్గుపడాల్సిన విషయం ఎవరూ కల్పించి చెప్పరండి. నమ్ముతున్నాను. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తామని చెప్పండి."

బందరులో శిక్షణ ఆ పై సోమవారం మొదలైంది. ఇద్దరు ఆడవాళ్ళను పంపవలసిన చోట సుబ్రహ్మణ్యం గారు వెంకటాద్రిని కూడా కలిపి పంపాడు. వెంట సరోజిని వెళ్ళింది. తాను రానని నాగభూషణం అన్నాడు. రావాలని బీడీఓ గారు అన్నారు.

మూడో రోజు ప్రదర్శన ఒక హైస్కూలు హాల్లో పెట్టారు. కాశ్మీరులో పని నేర్చిన నిపుణురాలు అల్లిన చుక్కలు, గంటలు, గుమ్మానికి తగిలించే చక్రాలు ఒక బల్ల మీద ఉన్నాయి. పక్క బల్ల మీద వెంకటాద్రి నగలు. వాటి కోసం విడిగా బల్ల వేయించింది ఆవిడే. శిక్షణ మొదటి రోజునే ఆవిడ కాసులపేరును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నా, దీన్ని మెళ్ళో వేసుకోవచ్చని తనకెప్పుడూ తట్టలేదని సరోజినితో ఇంగ్లీషులో అంది. మిగతా రెండు రోజులూ ఆవిడ వెంకటాద్రి పక్కన కూర్చుని కర్ర చీల్చడం నేర్చుకుంది. చుక్కలకు పెద్దగా బేరం రాలేదు. నగలు మాత్రం మధ్యాహ్నం భోజనాల వేళకే అయిపోయాయి. బందరు ఆడవాళ్ళు ఇంకా కావాలని వెంకటాద్రి దగ్గర పేర్లు రాయించుకున్నారు. ఇంట్లో బంగారాన్ని దాచుకున్నవాళ్ళు ఒక్క నడిమిపాలెంలోనే లేరని అప్పుడు తెలిసింది.

సాయంత్రం సభకు జిల్లా నుంచి పెద్ద అధికారి ఒకరు వచ్చారు. ఇన్ని సమితులకు ఒకే సర్క్యులరు పంపితే, దాన్ని నగలుగా ఆలోచించి ఒక కంసాలికి పని చూపించినవారెవరని ఆయన అడిగారు. సుబ్రహ్మణ్యం గారు అబద్ధం చెప్పే మనిషి కాదు.

"మా హెడ్ గుమాస్తా నాగభూషణం గారి అనువాదమండి," అన్నాడు.

అధికారి నాగభూషణాన్ని వేదిక మీదికి పిలిచి, చెయ్యి కలిపి, రెండు మాటలు మాట్లాడమన్నారు. కింద మొదటి వరసలో వెంకటాద్రి, అతని భార్య చేతులు జోడించి కూర్చుని ఉన్నారు.

"నాకు ఆ మాటకి అర్థం తెలియలేదండి," అన్నాడు నాగభూషణం. "తెలిసిన ఒకావిడ చెప్పింది. నేను వినలేదు. ఇందులో నా గొప్పేమీ లేదు."

హాలంతా చప్పట్లు కొట్టింది. "చూశారా, ఎంత వినయమో," అన్నారు అధికారి, పక్కవాళ్ళతో.

"వినయం కాదండి, నిజమే చెప్తున్నాను. ఇది కేవలం నా తప్పు," అన్నాడు ఆయన. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ప్రదర్శన చూడ్డానికి వచ్చిన లక్ష్మీకాంతమ్మ కూడా కొట్టింది. వెంకటాద్రి భార్య కళ్ళు తుడుచుకుంది. మూడో వరసలో సరోజిని ఒక్కతే చేతులు కలపలేదు. ఆ హాల్లో ఆయన మాటను ఒప్పుకోలుగా విన్నది ఆమె ఒక్కతే.

పది రోజుల తర్వాత జిల్లా నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఊహాశక్తితో కూడిన అనువాదానికి నాగభూషణాన్ని అభినందిస్తూ, ఇక మీదట ఆ తాలూకాలోని సమితులన్నిటి ఇంగ్లీషు సర్క్యులర్లనూ ఆయన చేతనే తెలుగు చేయించాలని అందులో ఉత్తర్వు ఉంది. ప్రతులు అన్ని ఆఫీసులకూ వెళ్ళాయి.

మర్నాడు నాగభూషణం పదిహేను రోజుల సెలవుకు అర్జీ పెట్టుకున్నాడు. కారణం అన్న చోట ఏమీ రాయలేదు.